పాలకేంద్రం యాప్ ఎందుకు వాడుతలేరంటే… ముందు మీ మామ నోటుబుక్కు చూడు తమ్మీ

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. కల్వకుర్తి దిక్కు మీ మేనమామ పాలకేంద్రం నడుపుతడు, ఆయన కోసమని ఆర్నెల్లు కూసొని పాల లెక్క రాసుకునే యాప్ చేసినవ్, కాలేజీ దోస్తులు చూసి మస్తుందన్నరు, మామనేమో వారం దినాలు వాడి మళ్ల నోటుబుక్కుకే పోయిండు. అడిగితే 'బాగనే ఉందిరా అల్లుడా, గాని పొద్దుగాల టైం దొర్కుతలేదు' అంటుండు. ఇప్పుడు కలర్స్ మార్చాల్నా, యూఎక్స్ కోర్సు, అంటే వాడనీకి సులువుగ యాప్ చేసుడు నేర్పేది, ఏదన్న చెయ్యాల్నా, లేకుంటే అసలు ఊర్లోళ్లకు టెక్నాలజీ ఎక్కదా అని అడుగుతున్నవ్.

ఆఖరిది ముందు తీసి పక్కకు పెడుదం. ఊర్లోళ్లకు ఎక్కదు అనుడు ఉత్త మాట. యూపీఐ 2016ల వచ్చింది, ఇయ్యాల జడ్చర్ల బస్టాండ్ కాడ మక్కబుట్టలు కాల్చే అవ్వ బండికి కూడ క్యూఆర్ స్టిక్కర్ ఉంటది. ఆ అవ్వకు ఎవ్వలు ట్రైనింగ్ ఇచ్చిన్రు? ఎవ్వలియ్యలే. డబ్బా 'ఇరవై రూపాయలు వచ్చినయి' అని తెలుగుల ఒర్రుతది, ఆమె కంకి మీదికెల్లి కండ్లు తియ్యకుండనే ఇంటది, అయిపాయె. నన్నడిగితే మన దేశంల ఈ పదేండ్లల్ల వచ్చిన మంచి ఇంటర్‌ఫేస్ ఆ డబ్బానే, దానికి అసలు స్క్రీనుతోని పనే లేదు, ఉన్నా ఆమె చూడది. సో సమస్య మీ మామ కాడ లేదు.

నా సంగతి చెప్త, మాది దేవరకొండ దిక్కు, పద్నాలుగేండ్ల సంది ఇదే పని చేస్తున్న, మొదట్ల వెబ్‌సైట్లు, తర్వాత బ్యాంకు యాప్‌లు, ఇప్పుడు ఎక్కువ రైతులు, వ్యాపారస్తులు వాడే యాప్‌లు. నీ స్క్రీన్‌షాట్లు చూసిన. చూడ్డానికి నిజంగనే బాగున్నయి, తప్పు పట్టడానికి ఏం లేదు, స్క్రీన్లు గీసే ఆ ఫిగ్మాల కష్టపడ్డవని తెలుస్తుంది. గాని ఒక పని చేసిన, ఒక్క రైతు పాలు ఎక్కియ్యాలంటే ఎన్నిసార్లు నొక్కాలె అని వేలు పెట్టి లెక్కపెట్టిన. హోమ్, కొత్త ఎంట్రీ, రైతును వెతుకు, పేరు కొట్టు, లిస్టుల పట్టుకో, తారీకు, పొద్దుగాలనా సాయంత్రమా, ఆవా బర్రెనా, లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలల్ల నీళ్లు, కొవ్వు పోంగ మిగిలే సరుకు), సేవ్, తర్వాత 'మీరు ఖచ్చితంగా సేవ్ చేయాలనుకుంటున్నారా' అని ఒకటి, దానికి ఓకే, తర్వాత 'విజయవంతంగా సేవ్ చేయబడింది' అని ఇంకోటి, దానికి మళ్ల ఓకే. టైపింగ్ ఇడ్సిపెట్టినా పద్నాలుగు నొక్కుడ్లు. మీ మామ నోటుబుక్కుల ఎంతసేపు రాస్తడో ఎప్పుడన్న చూసినవా? ఐదారు సెకండ్లు. అరవై మంది పోసే కేంద్రం అన్నవ్, ఐదు ముప్పావుకు మొదలైతే వ్యాన్ వచ్చేలోపట, అంటే ఆరు నలభైకల్ల అయిపోవాలె, యాభై ఐదు నిమిషాలకు అరవై మంది, మనిషికి ఒక నిమిషం కూడ లేదు, అండ్లనే పాలు కొల్వాలె, శాంపిల్ తియ్యాలె, క్యాన్ల పొయ్యాలె, 'నిన్న నాకు ఫ్యాట్ తక్కువ వేసినవ్' అన్న పంచాయితీ తెంపాలె. టైం దొర్కుతలేదు అని ఆయన ఉన్నది ఉన్నట్టే చెప్పిండు, నువ్వేమో మర్యాదకు అంటుండని అనుకున్నవ్.

నేను కూడ ఒకప్పుడు గిట్లనే అనుకున్న. ఏడెనిమిదేండ్ల కింద ఒక పనికి మా దిక్కే ఒక పాలకేంద్రంల నాలుగు పొద్దులు కూసున్న. మొదటి రోజు ల్యాప్‌టాప్ పట్టుకొని పోయిన, అక్కడ దాన్ని పెట్టుకునేతందుకు జాగనే లేదు, ఒక రేకుల షెడ్డు, ఒక బల్ల, బల్ల మీద ఫ్యాట్ మిషను, కొలత డబ్బా, ఒక నీళ్ల బకీటు, ఒక పొడుగు నోటుబుక్కు, దానికి దారంతోని కట్టిన పెన్ను. లైను మొదలైంది. ఒకాయన వచ్చి పాలు పోసిండు, సెంటరాయన చూసి లీటర్లు రాసిండు, శాంపిల్ తీసి మిషన్ల పెట్టిండు. మిషన్ల నంబరు వచ్చేదాక ఆగాలె గదా. ఆగుతడా? ఆగడు. ఆ సందులనే వెనుక ఉన్నామె పాలు పోసింది, ఆమె లీటర్లు కింది లైన్ల రాసిండు, అప్పుడు మిషన్ల మొదటాయన నంబరు వచ్చింది, పై లైనుకు పోయి ఫ్యాట్ రాసిండు, ఆమె శాంపిల్ పెట్టిండు, మూడో మనిషి పాలు. అంటే ఎప్పుడు చూసినా నోటుబుక్కుల ఒక గడి ఖాళీగ ఉంటది, దాని పక్కకెల్లే పని నడుస్తుంటది.

మేం గీసిన స్క్రీన్ల ఏముండె? ఫ్యాట్ గడి పక్కకు ఎర్ర చుక్క, తప్పనిసరి. ఫ్యాట్ ఎయ్యకుంటే సేవ్ కాదు, సేవ్ కాకుంటే తర్వాతి మనిషి రాడు. అంటే మా యాప్ లైనును ఆపేస్తది. నీ స్క్రీన్‌షాట్ల కూడ అదే ఎర్ర చుక్క ఉంది తమ్మీ, నేను చూసిన, నవ్వొచ్చింది, ఎందుకంటే నేను పెట్టిన చుక్కనే అది. మనకు కాలేజీల ఏం నేర్పుతరు, ఫారం అంటే అన్ని గడులు నింపాలె, ఒకటి ఖాళీగుంటే తప్పు. పాలకేంద్రంల ఖాళీ గడి తప్పు కాదు, 'శాంపిల్ మిషన్ల ఉంది' అని గుర్తు. నోటుబుక్కు ఖాళీని ఒప్పుకుంటది, యాప్ ఒప్పుకోలే, అందుకే నోటుబుక్కు గెలిచింది.

దాంతోని మేం మొత్తం తీసేసి మళ్ల గీసినం. ఒక్కటే స్క్రీను, నోటుబుక్కు పేజీ లెక్క వరుసలు, కింద పెద్ద నంబర్ల కీప్యాడ్. నంబరు కొట్టు, లీటర్లు కొట్టు, వరుస పడ్డది. ఫ్యాట్ రాకముందే తర్వాతి నంబరు కొట్టుకోవచ్చు. ఫ్యాట్ బాకీ ఉన్న వరుస పసుపు రంగుల ఉంటది, దాన్ని నొక్కి నంబరు వెయ్యుడే. తారీకు అడిగేది లేదు, ఫోన్‌కు తెల్వదా తారీకు? పొద్దుగాలనా సాయంత్రమా అనేది కూడ అడిగేది లేదు, ఉదయం ఆరింటికి ఎవ్వలు సాయంత్రం పాలు పోస్తరు. ఆవా బర్రెనా అనేది కూడ ఆ మనిషి పేరు మీద ఒకసారి రాసి పెట్టుకుంటే రోజూ అడగొద్దు, మారినప్పుడు మారుస్తడు. పద్నాలుగు నొక్కుడ్లల్ల చానా మట్టుకు యాప్ తనే తెలుసుకోవాల్సినయి, మనిషి మీద పారేసినం గంతే.

పేరుతోని వెతుకుడు కూడ తీసెయ్. మన దిక్కు ఒక్క ఊర్ల యాదగిరులు ఆరుగురు ఉంటరు, నర్సింహలకైతే లెక్కనే లేదు, కీబోర్డుల 'య' కొడితే లిస్టంత యాదగిరులే, ఏ యాదగిరి? సెంటర్ల అందరికి నంబరు ఉంటది, పోసేటామె కూడ రాంగనే 'నలభై రెండు' అంటది, పేరు చెప్పది. నోటుబుక్కుల మొదటి కాలమ్ నంబరే ఉంటది చూడు. నంబరు కొట్టినంక పేరు పెద్దగ చూపియ్, చూసుకొని తప్పయితే దిద్దుకుంటరు.

ఇంకోటి, మాకు మూడో పొద్దున తెలిసింది ఇది. సెంటరాయన చేతులు పొద్దంత తడిగుంటయి, పాలు, నీళ్లు. ఫోన్ స్క్రీన్ వేలు కరెంటును పట్టి పని చేస్తది, తడి వేలు పెడితే ఒకటి నొక్కితే ఒకటి పడ్తది, ఒక్కోసారి పడనే పడది. ఆయన ప్రతిసారి లుంగీకి చెయ్యి తుడుసుకొని నొక్కుతుండె. ఆఫీసుల ఏసీ కింద కూసొని టెస్ట్ చేస్తే ఈ ముచ్చట జన్మల తెల్వది. ఆఖరికి మేం ఏం చేసినమంటే ఒక ఓటీజీ వైరు పెట్టి కంప్యూటర్‌ది నంబర్ల కీప్యాడ్ ఫోన్‌కు తగిలించినం, నొక్కితే టకటక అని సప్పుడొచ్చేది, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు. డిజైన్ అంటే స్క్రీన్ల బొమ్మ గీసుడే అనుకుంటం గని, ఆ కేంద్రంల నేను చేసిన మంచి డిజైన్ ఏంది అంటే ఆ వైరే, నిజం చెప్తున్న.

ఇగ బటన్ల సైజు సంగతి, దానికి లెక్కలు ఉన్నయి. ఆండ్రాయిడోళ్లు వేలుతోని నొక్కేది ఏదైనా 48 డీపీ (స్క్రీన్ మీద కొలత అది) ఉండాలంటరు, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు, యాపిలోళ్లు 44 పాయింట్లు అంటరు. గురి ఎంత చిన్నగ ఉంటే, ఎంత దూరముంటే కొట్టడానికి అంత టైం పడ్తదని 1954లనే పాల్ ఫిట్స్ అనేటాయన లెక్క కట్టిండు, పొలంల గులేరు కొట్టిన పిలగానికి కూడ తెలుసు అది, ఆయన ఫార్ములా రాసిండు గంతే. ఆ 48 అనేది తక్కువల తక్కువ లెక్క, తడి చేతుల మనిషికి, చలికాలం పొద్దుగాల వేళ్లు కొంకర్లు పోయిన మనిషికి నేనైతే డబుల్ పెడ్త. ఇంకా నీ స్క్రీన్ల సేవ్ పక్కకే డిలీట్ ఉంది, దాన్ని అక్కడికెల్లి లేపు, అర్జెంటు.

రంగులు మార్చాల్నా అంటే, ఒక్కటి మార్చు. తెల్ల మీద బూడిద రంగు అక్షరాలు పెట్టినవ్, స్టయిల్‌గ ఉంటదని అందరు చేస్తరు, నేను కూడ చేసిన. అక్షరానికి, వెనుక రంగుకు కనీసం 4.5:1 వెలుగు తేడా ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్‌ల, అంటే చూపు తక్కువున్నోళ్లు గూడ వాడేటట్టు ఉండాలని పెట్టిన రూల్స్‌ల, రాసుంది, చెక్ చేసే టూల్స్ ఫ్రీగనే దొరుకుతయి. గని అంతకన్న సులువు పద్ధతి, ఫోన్ పట్టుకొని మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటి బయట నిలబడు, బ్రైట్‌నెస్ సగం పెట్టు, ఎందుకంటే బ్యాటరీ కోసం అందరు సగమే పెట్టుకుంటరు. కనబడకుంటే రంగు తప్పు. ఎరుపు, ఆకుపచ్చ రెండిటి మీదనే అర్థం పెట్టకు, కొందరికి అవి రెండు ఒక్క లెక్కనే కనబడ్తయి, రంగుతో పాటు మాట కూడ రాయి.

ఇగ నా పెద్ద తప్పు ఒకటి చెప్త, దీంతోని నీకు అసలు విషయం ఎక్కుతది. 2017ల అనుకుంట, ఒక కంపెనీకి, పేరు ఎందుకు, ఎకరాలు కొడితే మందు ఎంత కొట్టాలె, యూరియా ఎన్ని బస్తాలు అని చెప్పే యాప్ చేసినం. ఒకటే గడి, 'విస్తీర్ణం, ఎకరాలల్ల'. నల్గొండ, మిర్యాలగూడ దిక్కు రైతులకు ఇచ్చినం. రెండు వారాలకు ఒక రైతు ఫోన్ చేసి 'మీ లెక్క తక్కువొస్తుంది సారూ' అన్నడు. మేం చెక్ చేసినం, ఫార్ములా కరెక్టే, ఆయనదే తప్పు అనుకున్నం. ఆయన మళ్ల చేసిండు. అప్పుడు పోయిన. ఆయన ముంగట కూసొని 'కొట్టండి పెద్దయ్యా' అన్న. ఆయనకు రెండెకరాల ఇరవై గుంటలు. ఏం కొట్టిండు? 2.20. మన దిక్కు పాస్‌బుక్కుల, రాతకోతలల్ల ఎక్కడ చూసినా అట్లనే రాస్తం, చుక్కకు ముందు ఎకరాలు, చుక్క తర్వాత గుంటలు, నలభై గుంటలైతే ఎకరం. అంటే ఆయనది రెండున్నర ఎకరాలు. యాప్ ఏమనుకుంది? రెండు పాయింట్ రెండు. పన్నెండు గుంటల భూమి మాయం. 1.35 కొట్టినాయనకైతే ఇంకా ఘోరం, ఒకటింబావు ఎకరం మీద నాలుగు గుంటలు పెట్టుకున్నట్టు లెక్కొచ్చె, ఆయనకున్నదేమో ఎకరం ముప్పై ఐదు గుంటలు, అంటే రెండెకరాలకు ఐదు గుంటలు తక్కువ.

నేను దేవరకొండోన్ని, మా నాయినకు గుంటలల్లనే భూమి ఉంది, నాకెందుకు తట్టలే? ఎందుకంటే ల్యాప్‌టాప్ ముందట కూసుంటే నేను దేవరకొండోన్ని కాను, చుక్క కనబడితే డెసిమల్ అనుకునే మనిషిని. మా టీమ్‌ల కోడ్ రాసినతను గుంటూరు దిక్కు, వాళ్లకు సెంట్ల లెక్క, నూరు సెంట్లు ఎకరం, ఆయన దిక్కు 2.20 అంటే 2.20నే, ఆయన తప్పు ఏం లేదు. దిద్దుడు ఎంత సులువంటే సిగ్గైతది, ఒక గడి తీసి రెండు గడులు పెట్టినం, ఎకరాలు ఒకటి, గుంటలు ఒకటి, గుంటల గడిల 39 దాటితే 'నలభై గుంటలైతే ఎకరం కదా, ఒకసారి చూసుకోండి' అని. సెంట్ల దిక్కోళ్లకు వేరే. రెండు గంటల పని. తెలుసుకునేతందుకే రెండు వారాలు, అది కూడ ఆ పెద్దయ్య పట్టుదలతోని.

నీ యాప్‌ల ఇసొంటివి ఏమున్నయో నాకు తెల్వదు, మీ మామ నోటుబుక్కుకు తెలుసు. ఫ్యాట్ 6.5 వస్తే ఆయన చుక్క పెడ్తడా, ఉత్త 65 రాస్తడా? నేను కూసున్న సెంటర్ల ఆయన 65 అనే రాస్తుండె, టైం మిగులుతదని. యాప్‌ల 65 కొడితే మేం ఎర్రగ 'చెల్లని విలువ' అని చూపెట్టినం. 65 ఫ్యాట్ ఉన్న పాలు ఏ బర్రె ఇస్తది? రాదు గదా, మరి 6.5 అని యాప్ అర్థం చేసుకుంటే ఏం పోతది? తర్వాత అట్లనే చేసినం, 65 కొడితే 6.5 అని తనే దిద్ది పెద్దగ చూపెడ్తది. ఇంకా ఆ బుక్కు వెనుక పేజీలల్ల ఎర్ర పెన్నుతోని ఏమన్న రాసుంటే జాగర్తగ చూడు, దాణా బస్తా పైసలు, పండుగకు ఇచ్చిన అడ్వాన్సు, పది రోజుల బిల్లుల కటింగు, ఇవన్ని అక్కడుంటయి. నీ యాప్‌ల కటింగు పేజీ కనబడలే నాకు. కటింగు యాప్‌ల లేకుంటే మామకు ఎట్లైనా నోటుబుక్కు కావాలె, ఎట్లైనా నోటుబుక్కు కావాలంటే యాప్ ఎందుకు మళ్ల?

కొట్టివేతల సంగతి ఇంకోటి, ఇది ఎవ్వరూ చెప్పరు. నోటుబుక్కుల తప్పు పడితే ఏం చేస్తడు? ఒక గీత గీసి పక్కకు కొత్త నంబరు రాస్తడు, పాతది కనబడ్తనే ఉంటది. పోసేటామె కూడ చూస్తది, గీత ఉంది, ఎందుకుందో తెలుసు. యాప్‌ల ఎడిట్ కొడితే పాత నంబరు గాలికి పోతది, ఎవ్వలు మార్చిన్రు, ఎప్పుడు మార్చిన్రు ఏం కనబడది. ఫ్యాట్ మీదనే పైసలు, ఊర్ల అసలే అనుమానం ఎక్కువ. 'ఫోన్ల ఏం రాసుకుంటుండో ఎవ్వలికి ఎరుక' అని ఒకామె అననే అన్నది, నేనక్కడే ఉన్న. పాత నంబరు మీద గీత పెట్టి చూపెట్టు, బిల్లుల కూడ. కోడ్‌ల పెద్ద పని కాదు, మీ మామ మీద నమ్మకం నిలబడ్తది.

'ఖచ్చితంగా సేవ్ చేయాలనుకుంటున్నారా' అనేది పీకెయ్. రోజుకు నూట ఇరవైసార్లు ఓకే కొట్టేటోడు దాన్ని చదవడు, వేలే ఓకే కొడ్తది, మనసు ఎక్కడో ఉంటది. దాని బదులు సేవ్ అయినంక కింద 'తీసెయ్' అని కొద్దిసేపు ఉంచు, తప్పు కొట్టినోడే వెనక్కి వస్తడు. 'విజయవంతంగా సేవ్ చేయబడింది' కూడ వద్దు, వరుస పడింది కనబడ్తుంది గదా, ఒక చిన్న సప్పుడు చాలు. ఇంకా మంచిది కావాలంటే ఆ మక్కబుట్టల బండి డబ్బా లెక్క 'నలభై రెండు, మూడు లీటర్ల రెండొందలు' అని ఫోన్ చెప్పాలె, లైన్ల ఉన్నామె కూడ ఇంటది, పంచాయితీ అక్కడనే తెగుతది.

స్పీడు గురించి, యాకబ్ నీల్సన్ అనేటాయన 1993ల రాసిన లెక్క ఇప్పటికీ పని చేస్తది, సెకండుల పదో వంతు లోపల జవాబొస్తే మనిషికి తనే చేసినట్టు ఉంటది, ఒక సెకండు దాక ఆలోచన తెగది, పది సెకండ్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతది. మీ ఊర్ల సిగ్నల్ ఎట్లుంటదో నీకే ఎరుక, సర్వర్‌కు పోయొచ్చేదాక చక్రం తిరుగుతుంటే ఆయన మళ్ల సేవ్ కొడ్తడు, రెండు ఎంట్రీలు పడ్తయి, ఒకామెకు డబుల్ పైసలు. ముందు ఫోన్లనే రాసుకో, సిగ్నల్ వచ్చినప్పుడు అదే పంపుకుంటది, మామకు దాంతోని పని లేకుండ చెయ్.

లాగిన్‌కు ఓటీపీ పెట్టినవ్, రైతులు చూసుకునే యాప్‌కు కూడ. పాలు పోసేది అమ్మ, ఫోన్ నంబరేమో హైదరాబాద్‌ల పని చేసే కొడుకుది, ఓటీపీ ఆయనకు పోతది, ఆయన షిఫ్టుల ఉంటడు. పాలమూరు దిక్కు చానా ఇండ్లల్ల ఇదే కథ. రైతులకు యాప్ వద్దే వద్దు, ఎస్సెమ్మెస్ పంపు, చీటీ ప్రింటు ఇయ్యి, చాలు. ఎస్సెమ్మెస్‌ల ఒకటి గుర్తుపెట్టుకో, ఇంగ్లిష్‌ల 160 అక్షరాలు పడ్తయి, తెలుగు పెడితే 70నే. అది కూడ మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. శ్రీశైలం అని పేరు ఉంటది మన దిక్కు చానా మందికి, మనకు మూడక్షరాలు, కంప్యూటర్‌కు ఎనిమిది, శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, అట్ల. పేరును పది దగ్గర కట్ చెయ్ అని కోడ్ రాస్తే ఒత్తు మధ్యల తెగి ఆఖరుకు ఉత్త పొల్లు మిగుల్తది. బిల్లు మెసేజ్‌ల 'గౌరవనీయులైన పాల ఉత్పత్తిదారులకు' అని మొదలుపెట్టకు, 70ల సగం అండ్లనే పోతది. తారీకు, లీటర్లు, పైసలు, కటింగు, చేతికొచ్చేది, అయిపాయె.

తెలుగు ముచ్చట వచ్చింది గనుక, ఇంగ్లిష్‌ల స్క్రీను గీసి తర్వాత తెలుగు మాటలు అతికిస్తే పని కాదు. మనకు పైన గుడులు, ఏత్వాలు, కింద ఒత్తులు, లైనుకు లైనుకు మధ్య ఇంగ్లిష్ అంత సందు పెడితే పై లైను ఒత్తు కింది లైను తలకట్టుకు తగులుతది, బటన్ల అయితే ఒత్తు సగం కోసుకుపోతది, నీ 'వెనక్కి' బటన్ల క ఒత్తు లేదు చూడు, 'వెనకి' అని చదవాల్సి వస్తుంది. అక్షరం సైజుకు 1.6 రెట్లన్న లైన్ ఎత్తు పెట్టు, బటన్ ఎత్తును అక్షరంతోని పెరగనియ్, ఫోన్ సెట్టింగ్స్‌ల అక్షరం అన్నిటికన్న పెద్దగ పెట్టి ఒకసారి మొత్తం తిరుగు, యాభై దాటినోళ్లు చానా మంది అట్లనే పెట్టుకుంటరు. ఇది చిన్న కంపెనీల సమస్య అనుకోకు, 2018 ఫిబ్రవరిల జ్ఞా అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌ల వస్తే ఐఫోన్ల యాప్‌లు కూలిపోయినయి, యాపిలోళ్లు 11.2.6 అని అప్‌డేట్ ఇచ్చి దిద్దుకున్నరు. అంత పెద్దోళ్లకే తప్పలే.

మాటలు కూడ. 'సమర్పించు', 'చరవాణి సంఖ్య', 'రద్దుపరచు', ఇవి ఎవ్వలు మాట్లాడ్తరు? మీ మామ 'సేవ్ జెయ్' అంటడు, 'ఫోన్ నంబర్' అంటడు, 'ఫ్యాట్' అంటడు, 'కొవ్వు శాతం' అంటే ఆయనకు డాక్టర్ గుర్తొస్తడు. తెలుగు అక్షరాలల్ల ఆయన మాటలే రాయి. మూడు గీతల మెనూ గుర్తు, ఫ్లాపీ బొమ్మ, ఇవి ఒంటిగ పెట్టకు, మీ మామ ఫ్లాపీ చూసిండా? నువ్వే చూసి ఉండవ్.

కోర్సు సంగతి, చేస్తే చెయ్ తప్పేం లేదు, పేర్లు, పద్ధతులు తెలుస్తయి, ఇంటర్వ్యూలల్ల పనికొస్తయి. గని ఈ యాప్‌కు కోర్సు పనికి రాదు. నాలుగు పొద్దులు ఐదున్నరకు లేచి సెంటర్ల ఒక మూలకు కూసో. మొదటి రెండు రోజులు యాప్ తియ్యకు, నోటుబుక్కునే చూడు. మూడో రోజు యాప్ మామ చేతికియ్యి, నువ్వు చేతులు కట్టుకొని వెనుక నిలబడు, ఏమన్న సరే మాట్లాడకు, 'అక్కడ నొక్కు మామా' అన్నవంటే అయిపాయె, ఆడికే టెస్ట్ ఖరాబైనట్టు. చానా కష్టం అది, నోరు ఊకుండది, నేను ఇప్పటికీ నాలుక కొర్కుకుంట. ఆయన ఆగిన కాడ, వెనక్కి పోయిన కాడ, నెత్తి గోకిన కాడ రాసుకో. ముందే చెప్పు, 'మామా, తప్పు పడితే అది నాది, నీది కాదు' అని, లేకుంటే నువ్వు బాధపడ్తవని బాగుందనే అంటడు, ఇప్పటిదాక అయింది అదే. మామ ఒక్కడే కాదు, పక్క ఊర్ల సెంటర్లోళ్లు నలుగురిని పట్టుకో, మొత్తం ఐదుగురు చాలు. ఐదుగురితోనే తప్పులల్ల 85 శాతం దాక బయటపడ్తయని నీల్సన్ 2000ల రాసిండు, ఆ 85 అనేది ఒక లెక్క మీద వేసిన అంచనా, నీకు అంత రాకపోవచ్చు, గని ఐదో మనిషి దగ్గరకొచ్చేసరికి మొదటాయన చెప్పిందే వినబడ్తది, అది మాత్రం నిజం.

కాలేజీ దోస్తులను మాత్రం మళ్ల అడగకు. వాళ్లు పాలు పోసేటోళ్లు కాదు.

అన్నిటికన్న ముందుగాల ఆ నోటుబుక్కు రెండు పేజీలు, ఒకటి రోజువారీది, ఒకటి వెనుక ఎర్ర పెన్నుది, ఫోటో తీసి పెట్టు, రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు కనబడకుండ మూసేసి. ఎన్ని కాలమ్‌లు ఉన్నయో, ఏ వరుసల ఉన్నయో చూసి స్క్రీన్ ఎట్ల గియ్యాల్నో అప్పుడు చెప్త. ఈలోపట ఆ ఫ్యాట్ పక్కకు ఎర్ర చుక్క తీసెయ్, ఇయ్యాలనే.